దుంగకు రెండో పక్క

ఆ శనివారం హర్షవర్ధన్ వేసుకున్న ప్లాన్ చాలా చిన్నది. పొద్దున్నే వెళ్లి గడ్డి కోసే మిషన్‌కి కొత్త బ్లేడు కొనడం, పెసరట్ల వేళకి ఇంటికి చేరడం, తిన్నాక గడ్డి కోయడం. గడ్డి జానెడు పెరిగితే లొరెయిన్ నుంచి నోటీసు వస్తుంది. కమ్మింగ్ అనే ఊళ్లో వాళ్లుండే కాలనీ సంఘానికి లొరెయిన్ ప్రెసిడెంటు. డెబ్బై దాటిన మనిషి. నిటారుగా నడుస్తుంది, నవ్వితే ఖర్చయిపోతుందన్నట్టు దాచుకుంటుంది. ఉగాదికి గుమ్మానికి కట్టిన ప్లాస్టిక్ మామిడాకుల తోరణాన్ని కూడా ‘సీజన్ దాటిన అలంకరణ’ అని తీయించింది. ఆవిడ పేరు వినగానే కాలనీలో తెలుగువాళ్లంతా చెత్తడబ్బా లోపల పెట్టామా లేదా అని ఒకసారి గుర్తు చేసుకుంటారు.

హర్షవర్ధన్ ఇంటి వెనక చిన్న అడవి ఉంది. కాలనీ పేరులో వైట్ ఓక్ ఉంది కానీ, నిజంగా మిగిలిన వైట్ ఓక్ చెట్టు ఆ అడవిలో వాగు పక్కనున్నది ఒక్కటే. ఆగస్టు గాలివానకి అది కూలింది. కొమ్మలు దారికి అడ్డమొచ్చాయని కోసి తీసుకుపోయారు. మొద్దును మాత్రం అక్కడే వదిలేశారు. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదనీ, అది పురుగులకీ పక్షులకీ సహజ నివాసమనీ లొరెయిన్ నోటీసు పంపింది.

హర్షవర్ధన్ భార్య శ్రీవిద్యకి చాలాకాలంగా ఒకటే కోరిక, హాల్లో ఉయ్యాలబల్ల. ఇత్తడి గొలుసులు గుంటూరు నుంచి సూట్‌కేసులో ఎప్పుడో వచ్చేశాయి. బల్ల రాలేదు. ఇక్కడ దొరికేవి చూసి, అట్టముక్క మీద కూర్చోలేనంది. ఆ గొలుసులు క్లోజెట్‌లో ఉండిపోయాయి. ఏసీ ఆన్ అయినప్పుడల్లా అవి మెల్లగా గలగలమంటాయి. ఆ చప్పుడుకి శ్రీవిద్య అతని వైపు ఒక చూపు చూస్తుందంతే.

బ్లేడు కోసం బయల్దేరిన హర్షవర్ధన్ దారిలో పాత సామాన్ల కొట్టు తీసి ఉండడం చూసి ఆగాడు. లోపల తలుపు వెనక, మేకుకి ఒక గొడ్డలి వేలాడుతోంది. అతనికి తెలిసిన గొడ్డళ్లలా లేదు. కామ దూర్చే కన్నం దగ్గర ఇనుము సన్నగా, పొదుపుగా ఉంది. అక్కణ్ణించి కిందికి జారి, వెడల్పై, ముసలివాడి గడ్డంలా వేలాడుతోంది. కొట్టు యజమాని కుర్చీలోంచి లేవకుండానే, దాన్ని బియర్డెడ్ యాక్స్, అంటే గడ్డం గొడ్డలి అంటారని చెప్పాడు. తెచ్చిచ్చినవాడికి అదేమిటో తెలియదన్నాడు. హర్షవర్ధన్ దాన్ని కొని గుమ్మం దాటుతుంటే, వెనక నుంచి ఇంకో మాట అన్నాడు.

“గోడకి మాత్రం తగిలించకు. దానికి పని కావాలి.”

ఆ మాట అతనికి కొంచెం చలిగా తగిలింది. బ్లేడు సంగతి మర్చిపోయి ఇంటికొచ్చాడు. పెసరట్లు చల్లారిపోయాయి.

ఆ వారమంతా ఆఫీసు పని మధ్యలో ఆ గొడ్డలి గురించే చదివాడు, వీడియోలు చూశాడు. స్కాండినేవియా వాళ్లు వెయ్యేళ్లకి ముందే ఈ ఆకారం పట్టుకున్నారట. ఇనుము తక్కువ, పదును పొడవు. గడ్డం కింది ఖాళీలోకి చెయ్యి పోనిచ్చి పదును వెనకే పట్టుకుంటే, కొట్టడానికి బదులు చిత్రిక పట్టినట్టు చెక్కవచ్చు. యుద్ధంలో ఆ గడ్డమే కొక్కెం. ఎదుటివాడి డాలు అంచుకి తగిలించి లాగేస్తే వాడి ఛాతీ బయటపడుతుంది. అదే మనిషి ఇంటికొచ్చి అలాంటి గొడ్డలితోనే ఓడకి పలకలు చెక్కేవాడు. తమ ఊళ్లో వడ్రంగులు బాడిసతో చేసే పని వాళ్లు దీనితో చేశారన్నమాట అనుకున్నాడు హర్షవర్ధన్. తన గొడ్డలిలో ఇంకో విశేషం కూడా గమనించాడు. దానికి ఒక పక్క పూర్తిగా చదును, రెండో పక్కే వాలు. కామ కూడా కాస్త బయటికి వంగి ఉంది, చెక్కేటప్పుడు వేళ్ల కణుపులు దుంగకి గీసుకోకుండా. అది కుడిచేతివాటం మనిషి కోసం చేసింది. ఎడమచేత్తో పట్టుకుంటే గొడ్డలి ఎదురుతిరిగినట్టు దుంగ మీంచి జారిపోతుంది.

వాగు పక్కనున్న దుంగ, క్లోజెట్‌లో గొలుసులు, కార్ డిక్కీలో గొడ్డలి. ఈ మూడూ అతని బుర్రలో కలిసిపోయాయి. దీపావళికి శ్రీవిద్యకి ఉయ్యాలబల్ల. ఆవిడకి ముందు తెలియకూడదు. లొరెయిన్‌కి అసలెప్పుడూ తెలియకూడదు. గొడ్డలిని శ్రీవిద్య కట్టడం మానేసిన వెంకటగిరి చీరలో చుట్టి డిక్కీలో దాచి, వాకింగ్ మొదలుపెడుతున్నానని చెప్పాడు. మెయిల్‌బాక్స్ దాకా కూడా కార్లో వెళ్లే మనిషి ఆ మాట అనేసరికి శ్రీవిద్య అతని నుదురు ముట్టుకుని చూసింది.

తెల్లవారుతుండగా అడవిలోకి వెళ్లేవాడు. అక్టోబరు మంచు వాగు మీంచి లేచి చెట్ల మధ్య నిలబడేది. ముందు దుంగ పక్కన అడ్డంగా గాట్లు పెట్టాలి, తరువాత గాటుకీ గాటుకీ మధ్య ఉన్నది పేళ్లుగా చెక్కేయాలి. మొదటి రోజు గొడ్డలి ఎక్కువగా తన బూటుకే తగిలింది. నాలుగు రోజులకి చెయ్యి కుదిరింది. టక్, టక్ మని ఆ చప్పుడు మంచులో ఎక్కడికో వెళ్లి, కాస్త ఆలస్యంగా తిరిగొచ్చేది. కాలనీ వాట్సాప్ గ్రూపులో ఎవరో వడ్రంగిపిట్ట గోల ఎక్కువైందని రాశారు. ఇంకొకరు, అవును, మధ్యాహ్నం కూడా నిద్రపోనివ్వడం లేదు అన్నారు. మధ్యాహ్నం అన్న మాట హర్షవర్ధన్ పట్టించుకోలేదు.

ఒక బుధవారం అతను దుంగకి రెండో పక్కకి వెళ్లాడు, జారిపడిన ఫోన్ కోసం. ఆ పక్క కూడా చెక్కి ఉంది.

మొదట తనే చెక్కి మర్చిపోయాడేమో అనుకున్నాడు. వంగి చూశాడు. బెరడు శుభ్రంగా లేచిపోయి, పచ్చి చెక్క చదునుగా, చెయ్యి వేస్తే జారేంత నున్నగా ఉంది. అతను చెక్కిన పక్క దున్నిన చేనులా ఉంటే, ఇది అలికిన అరుగులా ఉంది. కింద తాజా పేళ్లు పడి ఉన్నాయి. గాట్లు కూడా అతనివిలాంటివే, కాకపోతే అద్దంలో చూసినట్టు అటు వాలి ఉన్నాయి. అంటే ఎడమచేతివాటం. అంటే ఈ గొడ్డలితో చేసింది కాదు. ఎవరి దగ్గరో ఇలాంటిదే ఇంకోటి ఉంది.

మర్నాడు కావాలనే ఒక మూర మేర మాత్రమే చెక్కి, తను ఆపిన చోట సుద్దతో గీత పెట్టి వచ్చాడు. తరువాతి పొద్దున రెండో పక్క పని కూడా సరిగ్గా ఆ గీత దగ్గరే ఆగి ఉంది. ఒక వేలు అటూ ఇటూ లేదు. చుట్టూ రాలిన ఆకుల మీద అడుగుజాడ నిలవదు. వాగు అవతల ఏదో పక్షి ఒకసారి కూసి ఊరుకుంది. తనతో పాటు, తనంత దూరమే నడుస్తూ, తనకన్నా బాగా చెక్కుతున్న ఆ రెండో మనిషి ఇప్పుడు ఎక్కడ నిలబడి ఉన్నాడో అన్న ఆలోచన రాగానే హర్షవర్ధన్ గొడ్డలిని చంకలో పెట్టుకుని, వాకింగ్ అనడానికి వీల్లేని వేగంతో ఇంటికొచ్చాడు.

ఎవరికి చెప్పాలి? శ్రీవిద్యకి చెబితే సర్‌ప్రైజ్ పోతుంది. సంఘానికి చెబితే నోటీసు. పోలీసులకి చెబుదామంటే గ్రీన్‌కార్డ్ అప్లికేషన్ చివరి దశలో ఉంది. కుక్కర్ విజిల్ గట్టిగా మోగినా అది ఫైల్లోకి ఎక్కుతుందేమోనని భయపడే రోజులు. చివరికి భీమశంకరం గారి దగ్గరికి వెళ్లాడు. ఆయన వారమంతా డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్, శని ఆదివారాలు పురోహితుడు. గృహప్రవేశాల దగ్గర్నుంచి కొత్త టెస్లాల దాకా కమ్మింగ్‌లో అన్నిటికీ ఆయనే.

భీమశంకరం గారు గొడ్డలిని ముట్టుకోకుండా చుట్టూ తిరిగి చూశారు. ఇది ఎవరిదో తెలుసా అని అడిగారు. తెలియదన్నాడు. ఆయన కళ్లు మూసుకున్నారు.

“ఓనర్ మారాడు బాబూ, కానీ యాక్సెస్ తీసేయలేదు. పాత యూజర్ ఇంకా లాగిన్ అవుతున్నాడు.”

“ఇప్పుడేం చేద్దామండీ?”

“దసరా వస్తోంది కదా. స్పాట్‌లోనే ఆయుధపూజ చేసేద్దాం. ప్రాపర్‌గా ట్రాన్స్‌ఫర్ అయిపోతుంది.”

బూడిద గుమ్మడికాయ ఇండియన్ స్టోర్లో అయిపోయింది. అక్టోబరు కాబట్టి నారింజ రంగు గుమ్మడికాయలు మాత్రం ఊరంతా గుట్టలుగా ఉన్నాయి. వాటికి దిష్టి లాగే శక్తి తక్కువ ఉంటుందని భీమశంకరం గారికి అనుమానం. అందుకని కుంకుమ రెట్టింపు వేశారు. మహానవమి పొద్దున మంచులో, దుంగ దగ్గర, గొడ్డలికి పసుపు రాసి, కుంకుమ నీళ్లతో మూడు గీతలు పెట్టి, నిమ్మకాయలు కోసి, గుమ్మడికాయని దుంగ మీద పగలగొట్టారు. లోపలి ఎర్రనీళ్లు తెల్లటి చెక్క మీంచి ధారగా కారి ఆకుల్లోకి ఇంకాయి. భీమశంకరం గారు పని ముగించి, పది గంటలకి మీటింగ్ ఉందని వెళ్లిపోయారు. హర్షవర్ధన్ గొడ్డలిని తుడవలేదు. పూజ చేసిన ఆయుధాన్ని ఆ రోజు కడగకూడదని ఆయనే చెప్పారు మరి. అలాగే చీరలో చుట్టి డిక్కీలో పెట్టాడు.

సాయంత్రానికి కాలనీ గ్రూపులో లొరెయిన్ పేరుతో ఒక ఫొటో వచ్చింది. పగిలిన గుమ్మడికాయ, చుట్టూ ఎరుపు, కోసిన నిమ్మకాయలు. అడవిలో ఎవరో భయంకరమైన తంతు జరిపారనీ, పిల్లల్ని అటు పంపవద్దనీ, షెరీఫ్ ఆఫీసుకి ఫోన్ చేశాననీ రాసింది. గుమ్మడికాయనీ నిమ్మకాయనీ చూడగానే ఏ తెలుగువాడైనా ఇది దిష్టి అని పోల్చుకోవాలి. కానీ నారింజ గుమ్మడికాయ అయ్యేసరికి అందరూ హాలోవీన్ వెర్రి అనుకున్నారు.

శ్రీవిద్యకి ఆ ఫొటో చూపించింది ఆవిడ స్నేహితురాలు మీనా. మీనా పక్క వీధిలో ఉంటుంది. వంట చేస్తున్నంతసేపూ హత్యల పాడ్‌కాస్టులు వింటుంది. నేరం ఎప్పుడూ ఇంట్లోవాళ్లే చేస్తారని ఆవిడ గట్టి నమ్మకం. అప్పుడే సరుకులు తేవడానికి బయల్దేరిన శ్రీవిద్య సంచుల కోసం డిక్కీ తెరిచింది. తన వెంకటగిరి చీర కనిపించింది. సంతోషపడి విప్పింది.

ఆ ఆకారం గొడ్డలిదని అర్థం కావడానికే కాసేపు పట్టింది. కొక్కెంలా కిందికి వంగిన రేకు, దాని మీద ఎండిన ఎర్ర గీతలు, చీర అంచుకి అంటిన ఎర్ర మరక. భర్త తెల్లవారకముందే వాకింగ్‌కి వెళ్లడం, చేతులకి గాయాలతో రావడం, ఏమిటంటే కొమ్మ గీసుకుందనడం అన్నీ ఒక్కటొక్కటిగా గుర్తుకొచ్చాయి. హాల్లో టీవీ పెడితే అతని అకౌంట్‌లోంచి వీడియోలు వరసగా వచ్చాయి. చప్పుడు తక్కువ వచ్చేలా కొట్టడం ఎలా, ఎముక గట్టిదా ఓక్ గట్టిదా, ఒక్క దెబ్బకి చీల్చడం ఎలా.

“భయపడకు శ్రీవిద్యా. కానీ ఒంటరిగ మాత్రం ఉండకు,” అంది మీనా ఫోన్‌లో. “రేపు పొద్దుగాల ఎటు పోతడో మనం ఎన్కనే పోయి చూద్దాం. ఏం జేస్తున్నడో కండ్లతోటి చూస్తే తెలుస్తది.”

ఆ రాత్రి భోజనాల దగ్గర శ్రీవిద్య చాలా మెత్తగా మాట్లాడింది. రేపు వాకింగ్‌కి నేనూ వస్తానంది. అతను ఉలిక్కిపడి చలి ఎక్కువన్నాడు. ఆవిడ తలూపి, వంటింట్లోకి వెళ్లి, కత్తులన్నీ తీసి ఓవెన్‌లో పెట్టి తలుపు వేసింది. హర్షవర్ధన్ అది చూశాడు. ఆ రెండో మనిషి సంగతి ఆవిడకి కూడా ఎలాగో తెలిసిందనీ, తనని కంగారుపెట్టకూడదనే చెప్పడం లేదనీ అనుకుని, ఆ రాత్రి భార్య మీద ఎన్నడూ లేనంత ప్రేమతో ఆవిడ వైపే చూస్తూ పడుకున్నాడు. ఆ చూపు చూసి శ్రీవిద్యకి నిద్ర పట్టలేదు.

విజయదశమి పొద్దున మంచు మరీ దట్టంగా ఉంది. పూజ పనిచేసిందో లేదో చూసి రావాలని హర్షవర్ధన్ గొడ్డలి భుజాన వేసుకుని అడవిలోకి నడిచాడు. పది అడుగుల అవతల చెట్టేదో మనిషేదో తెలియడం లేదు. సగం దారిలో ఉండగా ఆ చప్పుడు వినబడింది.

టక్. కాసేపు నిశ్శబ్దం. టక్.

తన గొడ్డలి తన భుజం మీదే ఉంది. అతను కదలకుండా నిలబడ్డాడు. వెనక్కి పరుగెత్తాలని కాళ్లకి ఉంది. కానీ ఇన్నాళ్లూ తనతో పాటు నడిచినవాణ్ణి ఒక్కసారి చూడాలని ఎందుకో అనిపించింది. నాలుగడుగులు వేశాడు. మంచు పలచబడిన చోట దుంగకి ఆ పక్కన ఒక పొడవాటి ఆకారం వంగి ఉంది. ఎడమచెయ్యి పైకి లేచింది. ఆ చేతిలో గడ్డం వేలాడుతున్న గొడ్డలి ఒకటి, తన దాన్ని అద్దంలో పెట్టినట్టు ఉంది. హర్షవర్ధన్ కాలి కింద ఒక పుల్ల విరిగింది.

ఆకారం నిటారుగా లేచి అతని వైపు తిరిగింది. అప్పుడు ఆ ఆకారం ఆడగొంతుతో, చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది.

“వాల్టర్?”

హర్షవర్ధన్ జీవితంలో విన్న భయంకరమైన మాట అదే. దానికి ఏం జవాబు చెప్పాలో ఏ వీడియోలోనూ లేదు. కాలనీ మీటింగుల్లో ఇంటి నంబరు చెప్పే అలవాటైన వాక్యమే ఇంగ్లీషులో బయటికొచ్చింది.

“కాదండీ. లాట్ నంబర్ ఇరవై రెండు.”

సరిగ్గా అప్పుడే అతని వెనక మంచులోంచి శ్రీవిద్య క్రికెట్ బ్యాటుతో వచ్చింది. ఆవిడ వెనక మీనా ఫోన్‌లో వీడియో తీస్తూ వచ్చింది. శ్రీవిద్యకి కనిపించింది భుజాన గొడ్డలితో భర్త, అతని ఎదురుగా ఎవరో ఆడమనిషి. ఆవిడ చేతిలోనూ గొడ్డలి ఉందన్నది ఇంకా కనిపించలేదు. శ్రీవిద్య బ్యాటు పైకెత్తి ఒకే మాట అంది.

“హర్షా, వద్దు. నా మాట విని అది కింద పెట్టు.”

“నువ్వేంటి ఇక్కడ? వెళ్లిపో విద్యా. ఆవిడ మనిషి కాదు.”

ఈ మాట తెలుగులో అన్నందుకు అతను తరువాత చాలాసార్లు దేవుడికి దండం పెట్టుకున్నాడు. ఎందుకంటే ఆ ఆకారం ఒకడుగు ముందుకేసింది, మంచు తొలగింది, అది లొరెయిన్.

ఆ వెంటనే కాలిబాట మీంచి టార్చిలైటు వెలుగు పడింది. ముందురోజు ఫిర్యాదు మీద చూసిపోదామని వచ్చిన షెరీఫ్ ఆఫీసు డిప్యూటీ, యువకుడు, చెట్టు పక్కన ఆగాడు. ఎదురుగా రెండు గొడ్డళ్లు, ఒక క్రికెట్ బ్యాటు, ఒక ఫోన్, ఎర్రబడిన దుంగ. అన్నీ మెల్లగా కింద పెట్టమన్నాడు. అందరూ పెట్టారు. మీనా కూడా ఫోన్ కింద పెట్టింది, కెమెరా పైకి ఉండేలా.

డిప్యూటీ మర్యాదగా ఒక్కొక్కటే అడిగాడు. ఫిర్యాదు చేసింది ఎవరు? లొరెయిన్. ఈ చెట్టు ఎవరిది? కాలనీ సంఘానిది. దీన్ని ముట్టుకోకూడదని చెప్పింది ఎవరు? లొరెయిన్ వాగు వైపు చూస్తూ, నేనే అంది. మరి మీ చేతిలో అదేమిటని అతను అడగలేదు. అడగకుండా చూశాడంతే. ఆవిడ మెడ దాకా ఎర్రబడింది.

తరువాత ఆ ఎర్రరంగు సంగతి వచ్చింది. గ్రీన్‌కార్డ్ తన కళ్లముందే వాగులో కొట్టుకుపోతున్నట్టు హర్షవర్ధన్‌కి కనబడింది. ఆయుధపూజని ఇంగ్లీషులో చెప్పబోయి, ఇది ఆయుధాన్ని పూజించే రోజని మొదలుపెట్టాడు. ఆయుధం అన్న మాట దగ్గర డిప్యూటీ కనుబొమలు లేచాయి. శ్రీవిద్య వంగి దుంగ మీది ఎరుపుని వేలితో తాకి, వాసన చూసింది. ఆవిడ భుజాలు నెమ్మదిగా దిగాయి. ఇది కుంకుమ, నేను రోజూ పెట్టుకునేది అని డిప్యూటీకి తన నుదురు చూపించింది. ఆ తరువాత భర్త వైపు తిరిగింది.

“ఎందుకు చేస్తున్నావ్ ఇదంతా?”

అతను దుంగని చూపించాడు. చెప్పడానికి చాలా ఉన్నా ఒక్క ముక్కే వచ్చింది.

“ఉయ్యాలబల్ల.”

శ్రీవిద్య కోపంగా ఏదో అనబోయింది. చీర సంగతి ఇంటికెళ్లాక మాట్లాడదామని మాత్రం అని, కళ్లు తుడుచుకుంది.

ఇవేమీ లొరెయిన్ వినడం లేదు. ఆవిడ కింద పడి ఉన్న హర్షవర్ధన్ గొడ్డలినే చూస్తోంది. తీసుకోవచ్చా అని డిప్యూటీని అడిగి, దాన్ని రెండు చేతులతో ఎత్తి, దుంగ మీద కూర్చుని ఒళ్లో పెట్టుకుంది. పదును మీద బొటనవేలు పోనిచ్చి, ఒక చోట ఆపింది. అక్కడ బియ్యపుగింజలో సగమంత పెచ్చు ఊడి ఉంది. ఆ పెచ్చు వల్ల ఈ గొడ్డలి ఎక్కడ చెక్కినా చదును మీద వెంట్రుకంత గీత మిగులుతుందని చెప్పింది. హర్షవర్ధన్ చెక్కిన పక్క చూపించింది. నిజమే, ప్రతి గాటులోనూ సన్నగా ఒక గీత తేలి ఉంది.

ఆ పెచ్చు ఊడగొట్టింది వాల్టర్, ఆవిడ భర్త. ఇద్దరూ కలిసి ఒక కమ్మరి చేత పాతకాలపు పద్ధతిలో ఈ జతని చేయించుకున్నారట, కుడిచేతిది ఆయనకి, ఎడమచేతిది ఆవిడకి. అలాంటి జత ఉంటే ఇద్దరూ ఒకే వైపు ముఖం పెట్టి, దుంగకి చెరో పక్కా చెక్కుతూ నడవవచ్చు. పాతికేళ్లు అలా నడిచారు. కిందటి శీతాకాలం ఆయన పోయాడు. డెన్వర్ నుంచి వచ్చిన కొడుకు, అమ్మకి శ్రమ లేకుండా చేద్దామని ఒక్క రోజులో గరాజంతా ఖాళీ చేసి సామాన్ల కొట్టుకి ఇచ్చేశాడు. ఎడమచేతి గొడ్డలి ఆవిడ మంచం కింద ఉండబట్టి మిగిలింది. చెట్టు పడినప్పుడు ఎవరూ ముట్టుకోకుండా నోటీసు పెట్టి, స్కూలు బస్సులు పిల్లల్ని దింపకముందు, మధ్యాహ్నాలు ఒంటరిగా వచ్చి తన పక్క చెక్కడం మొదలుపెట్టింది.

“ఒక రోజు వచ్చేసరికి అటుపక్క కూడా పని జరిగి ఉంది,” అంది లొరెయిన్, ఎవరి వైపూ చూడకుండా. “ఆ గీత నాకు తెలుసు. ఎవరు చేస్తున్నారో కనుక్కోవచ్చు, ఒక పొద్దున ముందే వచ్చి నిలబడితే చాలు. నేను రాలేదు. తెలుసుకోవాలనిపించలేదు.”

డిప్యూటీ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

“గుమ్మడికాయ చూశాక వాల్టర్ కాదని తెలిసింది. అతనికి గుమ్మడికాయ వాసన పడదు. అందుకే అంత కోపం వచ్చింది. ఎవరో తేల్చుకుందామని ఇవాళ పొద్దున్నే వచ్చాను, అయినా మంచులో ఆ గొడ్డలి చూసేసరికి ఆ పేరే నోటికొచ్చింది.”

హర్షవర్ధన్ తలవంచుకున్నాడు. ఒక మనిషిని రెండోసారి చంపినట్టు అనిపించింది అతనికి. గొడ్డలి మీదే ఉంచుకోండన్నాడు. లొరెయిన్ కాసేపు దాన్ని ఒళ్లోనే పెట్టుకుని, తరువాత లేచి అతని చేతికిచ్చింది. సగం చెక్కిన దుంగకి పురుగు పడుతుంది, నీ పక్క నువ్వు పూర్తిచెయ్యి అంది. డిప్యూటీ తన రిపోర్టులో ఏం రాయాలో చాలాసేపు ఆలోచించి, వడ్రంగం అని రాసుకుని వెళ్లిపోయాడు. మీనా తీసిన వీడియోలో మొదటి నుంచి చివరి దాకా మంచు తప్ప ఏమీ లేదు.

అప్పణ్ణించి పొద్దున్నే ఇద్దరూ కలిసే చెక్కారు. మొదట్లో ఆవిడ గొడ్డలి దెబ్బ విన్నప్పుడల్లా హర్షవర్ధన్‌కి ఒళ్లు జలదరించేది. నెమ్మదిగా ఆ దెబ్బకీ తన దెబ్బకీ మధ్య లయ కుదిరింది. ఒక్కోసారి శ్రీవిద్య ఫ్లాస్కులో కాఫీ పట్టుకొచ్చి దూరంగా నిలబడి చూసేది. రెండు పక్కలూ పూర్తయ్యాక దుంగని మధ్యకి చీల్చి రెండు పలకలు చేశారు. లొరెయిన్ తన పలకని బెంచీగా వాగు ఒడ్డున వేయించుకుంది. దానికి సంఘం అనుమతి కోసం తనే అర్జీ పెట్టుకుని, తనే పరిశీలించి, రెండు వారాల తరువాత తనే మంజూరు చేసుకుంది.

దీపావళికి హర్షవర్ధన్ ఇంటి హాల్లో ఉయ్యాలబల్ల ఎక్కింది. దూలానికి కొక్కేలు బిగించిన వడ్రంగి, పైభాగం నున్నగా చిత్రిక పట్టేస్తానన్నాడు. శ్రీవిద్య ఒప్పుకోలేదు. గాట్లూ గీతలూ అలాగే ఉండాలంది. ఆ సాయంత్రం భోజనానికి పిలిస్తే లొరెయిన్ వచ్చింది, ఎప్పుడూ లేనిది ఒక పూలచెండుతో. ఆవిడనే మొదట కూర్చోబెట్టారు. శ్రీవిద్య మెల్లగా ఊపింది. లొరెయిన్ కళ్లు మూసుకుని, అరచేత్తో బల్ల మీది గాట్లు తడుముతూ ఊగింది. వంటింట్లో ఉన్న హర్షవర్ధన్ గారెల పళ్లెంతో వచ్చి, పక్కన నిలబడి, నా పని ఎలా ఉందని భయంభయంగా అడిగాడు.

“మొదటి రోజే నాకు అనుమానం రావాల్సింది,” అంది లొరెయిన్ కళ్లు తెరవకుండానే. “వాల్టర్ ఇంత వంకరగా ఎప్పుడూ చెక్కలేదు. చనిపోయాక చెయ్యి అలవాటు తప్పింది కాబోలు అనుకున్నాను.”